అభ్యర్థి గారి అమ్మ

మా ఊరి చైర్మన్ కుటుంబానికి బట్టలు కుట్టేది మేమే. మునిసిపల్ ఆఫీసుకి ఎదురుగా మా టైలరింగ్ కొట్టు. పెద్ద చైర్మన్‌కి మా నాన్న కుట్టాడు, ఆయన కొడుక్కి నేను కుట్టాను, ఇప్పుడు మనవడికీ నేనే కుడుతున్నాను. ఆ మనవణ్ణి ఊరంతా చిన్న చైర్మన్ అంటారు. మొన్నటిదాకా అది పదవి కాదు, ముద్దుపేరు. నిక్కర్లేసుకునే వయసులో తాతగారు వాణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి బల్ల మీద గంట కొట్టించేవాడు. గంట మోగగానే అటెండరు పరిగెత్తుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు, పిల్లాడు పకపకా నవ్వేవాడు. చూసినవాళ్లు మురిసిపోయి "చిన్న చైర్మన్ గారండీ" అన్నారు. అలా పిలవమని ఎవరూ దండోరా వెయ్యలేదు. మేమే పిలిచాం.

నువ్వు మాత్రం మీ నాన్న కొట్లో కూర్చోలేదుటోయ్ అంటారేమో. కూర్చున్నాను. కానీ నేను ప్యాంటు పాడుచేస్తే జనం వీధి చివర ఇంకో టైలర్ దగ్గరికి పోతారు. వాళ్లు ఊరు పాడుచేస్తే ఎక్కడికి పోవాలి?

మా ఊళ్లో కొళాయిలున్నాయి. నీళ్లు మాత్రం ట్యాంకర్లలో ఉంటాయి. ట్యాంకర్లు చైర్మన్ గారి అల్లుడివి. పైపుల్లోకి నీళ్లు వదిలితే ట్యాంకర్ మొహం ఎవడు చూస్తాడు? అందుకని పైపులు ఏడాది పొడుగునా రిపేర్లోనే ఉంటాయి. పోనీ మేమే బోరు వేయించుకుంటాం మహాప్రభో అంటే అనుమతివ్వరు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. మా కాలనీ మొత్తానికి ఒక్క వీధి కొళాయి వదిలారు. అదీ పొద్దున కాసేపు, దారంలా.

మా బావ, అంటే మా అక్క మొగుడు, పంపుల మేస్త్రి. మోటార్లు విప్పి బిగించడం ఆయన పని, నోటికి మాత్రం బిగింపు లేదు. నన్ను కత్తెర అని పిలిచేవాడు. "ఏరా కత్తెరా, దొరలకి ఇవాళేం కుట్టావు? జేబులు లోతుగా పెట్టావా?" అని నడిరోడ్డు మీంచి అరిచేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎదురుగా మునిసిపల్ ఆఫీసు, లోపల నా గిరాకీ. బావ కాబట్టి తిట్టనూలేను, బావ కాబట్టే తిట్టకుండా ఉండనూలేను.

ఒకసారి ఏదో పని మీద బావని ఊరి పంపుహౌసుకి పిలిచారు. వెళ్లి చూస్తే మోటార్లు శుభ్రంగా ఉన్నాయట. పాడైనవి కావు, ఆపినవి. ఆ రోజు నుంచి బావ ఇంటిపట్టున లేడు. కాలనీవాళ్లని పోగేసి నీళ్ల కమిటీ అన్నాడు, ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు, ట్యాంకర్లకి అడ్డంగా పడుకున్నాడు. మొదటి రోజు నుంచీ ఆయనతో నడిచింది నర్సమ్మ. మా కాలనీ ఆస్పత్రిలో పనిచేసేది. ట్యాంకర్ నీళ్లు తాగిన పిల్లలు కామెర్లతో వరసగా వస్తుంటే, ఆ సంగతి పైవాళ్లకి చెప్పింది. పైవాళ్లు నీళ్లు మార్చలేదు, నర్సుని మార్చారు. ఉద్యోగం పోయింది. "పీడా పోయింది, ఇప్పుడు రోజంతా ఖాళీయే" అంటూ ఆవిడ కూడా వచ్చి మెట్ల మీద కూర్చుంది.

ఊరన్నాక నాలుగు నోళ్లుంటాయి కదా. మేస్త్రి, నర్సు కలిసి తిరుగుతున్నారని అన్నారు. మా అక్క ఆ మాట అన్నవాళ్ల ఇంటికే వెళ్లి, "మా ఆయన ఎవరితోనో తిరుగుతున్నాడటగా? అవునమ్మా, మిట్టమధ్యాహ్నం, మునిసిపాలిటీ ముందు, ఎండలో. నేనూ వెళ్తున్నాను, నువ్వూ రా" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. అలా కమిటీకి బలం పెరిగింది.

వీధి కొళాయి దగ్గర బావ ఒక పద్ధతి పెట్టాడు. ముందొచ్చినవాళ్లు ముందు బిందె పెట్టి, కావాలంటే ఇంటికి పోయి పని చూసుకోవచ్చు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని ముందుకి గానీ వెనక్కి గానీ ఎవరూ జరపకూడదు. "ఇల్లు తగలబడుతున్నా సరే, వరసలో నీళ్లు పట్టుకెళ్లే ఆర్పుకోవాలి" అనేవాడు. అంతకుముందు ఆ కొళాయి దగ్గర జుట్లు పట్టుకునేవాళ్లు. ఆ తర్వాత ఒక్క గొడవ కూడా జరగలేదు.

ఎన్నికలొచ్చాయి. ఈసారి చైర్మన్ తన కొడుకుని, అంటే ఆ చిన్న చైర్మన్‌నే, నిలబెడుతున్నాడని తెలిసింది. కమిటీ తరఫున బావ నిలబడాలనుకున్నారు. కమిటీకి పెద్దదిక్కు ఒక లెక్చరరు గారు, రిటైరైన మనిషి. నినాదం ఏం రాయాలని ఆయన ఆలోచిస్తుంటే బావే చెప్పాడు: "కుర్చీ ఎవడబ్బ సొత్తూ కాదు." లెక్చరరు గారు కాస్త మొరటుగా ఉందన్నాడు. "మర్యాదగా రాస్తే ఎవడూ చదవడు సార్" అన్నాడు బావ.

నామినేషన్లకి ఇంకా టైముండగానే బావ పోయాడు. ఎవరిదో మోటారు బిగిస్తూ గుండె పట్టుకుని పక్కకి ఒరిగాడు. చైర్మనే ఏదో చేయించాడని కొందరన్నారు. ఉన్నమాట చెప్పుకోవాలి, అదేం లేదు. గుండెపోటు. అంత పెద్ద నోరున్న మనిషి ఒక్క మాట లేకుండా పోయాడు. నన్ను కత్తెర అని పిలిచేవాడు లేకపోతే కొట్లో ఏమీ తోచలేదు.

కొన్నాళ్లకి కమిటీ అంతా అక్క ఇంటికొచ్చింది. ఉన్న రెండు కుర్చీల్లో లెక్చరరు గారినీ ఇంకొకాయన్నీ కూర్చోబెట్టాం, మిగతావాళ్లు మంచం మీదా గుమ్మం దగ్గరా సర్దుకున్నారు. నర్సమ్మ గుమ్మంలో నిలబడింది. లెక్చరరు గారు గొంతు సవరించుకుని, "అమ్మా, మేస్త్రి గారి ఆశయం ఆగకూడదు. మీ అబ్బాయి నిలబడాలి" అన్నాడు.

"మావాడా?" అంది అక్క.

అక్క ఆశ్చర్యపోవడంలో తప్పులేదు. మా మేనల్లుడు మంచివాడు, అందులో అనుమానం లేదు. చీమకి కూడా అపకారం చెయ్యడు. చీమకి ఉపకారం చేసిన దాఖలా కూడా లేదు. ఇరవై ఆరేళ్లొచ్చినా ఒక్క ఉద్యోగంలో కుదురుగా ఉన్నవాడు కాదు. పొద్దెక్కేదాకా దుప్పట్లో ఫోను. వాళ్ల నాన్న వాణ్ణి అతిథి అనేవాడు. "మా ఇంట్లో ఒక అతిథి ఉన్నాడ్రా, ఏ పనికీ దొరకడు, భోజనానికి మాత్రం టైముకొస్తాడు" అని వాడి ముందే నాతో అనేవాడు. వాడు నవ్వేవాడు. ఆ నవ్వు నాకెప్పుడూ బాగుండేది కాదు.

"నర్సమ్మ ఉంది కదా" అంది అక్క.

లెక్చరరు గారు ఇబ్బందిగా కదిలాడు. "నర్సమ్మ గారు మాకు చాలా ముఖ్యం. కానీ జనం చూసేది... ఆవిడకి వెనకాల ఎవరున్నారమ్మా? మీ అబ్బాయైతే ఆ మొహం, ఆ పేరు, ఆ సానుభూతి." ఇదంతా ఆవిడ ముందే. ఆవిడ కాదనలేదు సరికదా, తలూపింది కూడా.

మేనల్లుడు సరేనన్నాడు. మర్నాటి నుంచి మనిషే మారిపోయాడు. తెల్లారేసరికి లేచి, గడ్డం గీసుకుని, వీధి వీధీ తిరగడం మొదలుపెట్టాడు. ముసలివాళ్ల పక్కన కూర్చుని కబుర్లు చెప్పాడు. వాళ్ల నాన్నలాగే చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. ఎవరేం అడిగినా, "మా నాన్న ఉంటే ఏం చేసేవాడో అదే చేస్తాను" అనేవాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. మా అక్క నా కొట్టుకొచ్చి, "వాడు పొద్దున్నే లేస్తున్నాడ్రా!" అని చెప్పి ఏడ్చేసింది. ఓ తల్లి ఇరవై ఆరేళ్లుగా ఎదురుచూసిన పొద్దు అది. నవ్వకండి.

నాకూ సంతోషమే. అబద్ధమెందుకు, నా లెక్కలు నాకున్నాయి. మేనల్లుడు చైర్మన్ అయితే మునిసిపల్ సిబ్బంది యూనిఫారాలు ఎవరు కుడతారు? సొంత మేనమామని కాదని ఊరవతలివాడికిస్తాడా? ఇంకో రెండు మిషన్లు ఎక్కడ వెయ్యాలా అని కొట్లో స్థలం కూడా చూసుకున్నాను.

ఒకరోజు పొద్దున మా ఆవిడ పుట్టింట్లో ఉండడంతో కొళాయి దగ్గరికి నేనే బిందె పట్టుకెళ్లాల్సొచ్చింది. అక్క అప్పటికే తన బిందె వరస చివర పెట్టి, పొయ్యి ఆర్పి వస్తానని ఇంటికెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆ బిందె కొళాయి కిందుంది. నిండుతోంది.

"ఎవరు జరిపారు?" అంది అక్క.

అందరూ ముసిముసిగా నవ్వుతున్నారు. మూలింటి మామ్మ ముందుకొచ్చింది. "నేనే జరిపానే తల్లీ. అభ్యర్థి గారి అమ్మవి. నువ్వు చివర్న నిలబడితే మాకేం బాగుంటుంది?"

అక్క సగం నిండిన బిందె ఎత్తి, తీసుకెళ్లి మళ్లీ చివర పెట్టింది. మామ్మ వెళ్లి మళ్లీ పట్టుకొచ్చింది. అక్క లాక్కుంది. మామ్మ వదల్లేదు. "అయ్యో, మా ముచ్చట మమ్మల్ని తీర్చుకోనివ్వవేం?" అని ఆవిడ, "వదులు మామ్మా" అని ఈవిడ. ఇద్దరి మధ్యా నీళ్లు ఒలికిపోతున్నాయి. ఒక్క చుక్క కోసం ఏళ్ల తరబడి కొట్టుకున్న చోట, గౌరవం కోసం నీళ్లు పారబోసుకుంటున్నారు. అప్పుడే మేనల్లుడు ఇద్దరు కుర్రాళ్లతో బండి మీద వచ్చాడు.

"ఉండనీవే అమ్మా. అభిమానంతో చేశారు, కాదంటే బాధపడతారు" అన్నాడు. మామ్మ భుజం మీద చెయ్యేసి, "మామ్మా, మనం గెలిస్తే అసలు మా అమ్మకి ఈ లైనే ఉండదు" అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. నేనూ కొట్టాను, ఒక చేతిలో బిందె ఉంది కాబట్టి తొడ మీద. అక్క నవ్వలేదు. బిందె అక్కడే వదిలేసి ఇంటికెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం కొట్టుకొచ్చింది. నేను మిషను మీద బ్యానరు కుడుతున్నాను. వీధికి అడ్డంగా కట్టే పెద్దది, రెండు గుడ్డలు కలిపి అంచులు మడిచి కుట్టాలి. పైన బావ ఫొటో, కింద మేనల్లుడి ఫొటో, మధ్యలో రాత. అక్క కాసేపు కూర్చుంది, మంచినీళ్లు తాగింది. తర్వాత బ్యానరు తన వైపు లాక్కుని పైకి చదివింది.

"కుర్చీ ఎవడబ్బ సొత్తూ కాదు. ఆశయ వారసుడికే మీ ఓటు."

మళ్లీ చదివింది. అప్పుడు నవ్వింది. బావ పోయాక అక్క అలా నవ్వడం అదే మొదలు, కడుపు పట్టుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఎవర్రా రాసింది?"

"లెక్చరరు గారు."

"కమిటీలో ఎంతమంది చదివారు?"

"అందరూ చదివే ఇచ్చారు."

"ఒక్కడికీ నవ్వు రాలేదా?"

నాకు కూడా రాలేదు. పొద్దుటి నుంచీ దాని అంచులు కుడుతూ కూర్చున్నాను, కుట్టు వంకర పోతోందా లేదా అని తప్ప ఇంకేమీ చూడలేదు.

"పొద్దున వాడేమన్నాడో విన్నావా?" అంది అక్క. "గెలిస్తే ఎవరికీ లైనుండదు అనలేదు. మా అమ్మకి ఉండదన్నాడు. వాడు దురుద్దేశంతో అనలేదురా. అదే నాకు భయంగా ఉంది. వాడికి నోట్లోంచి అదే వచ్చింది, వీళ్లకి చెవికి అదే ఇంపుగా ఉంది."

"ఏదో కుర్రాడు, నోరు జారాడు. గెలిచాక నేర్చుకుంటాడు. అక్కా, నీ పుణ్యముంటుంది, బయట ఎక్కడా అనకు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది" అన్నాను. ఊరుకోకుండా, ఊరడింపుగా ఉంటుందని యూనిఫారాల సంగతి కూడా చెప్పాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వూనా?"

"సొంత మేనమామని! ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

"వాళ్లకి అల్లుడికి ట్యాంకర్లు, మనకి మేనమామకి యూనిఫారాలు. తేడా ఎక్కడుందో చూపించరా, నీ దగ్గర టేపుంది కదా."

నాకు కోపమొచ్చింది. నేను కష్టపడి కుడతాను, వాళ్లలా దోచుకోను అన్నాను. అక్క లేచి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి కొడుకుని అడిగిందట. మన కాలనీకి నీళ్లు ఎక్కడ ఆపుతారో తెలుసా, ఆ వాల్వు ఎప్పుడైనా చూశావా, నీళ్ల గురించి నర్సమ్మ కోర్టులో వేసిన కేసు ఎక్కడిదాకా వచ్చింది, ఇలాంటివి. వాడికి ఒక్కటీ తెలియలేదు. "చిన్న చైర్మన్‌కి మాత్రం తెలుసా? వాడు నిలబడట్లేదా?" అన్నాడట. తర్వాత వాడన్న మాట అక్క నాకు చాలా రోజుల దాకా చెప్పలేదు. "నాన్న ఒక్కసారి కూడా నన్ను మెచ్చుకోలేదు. ఇప్పుడు ఊరంతా మెచ్చుకుంటోంది. నువ్వు దాన్ని చెడగొడితే మళ్లీ నీ గుమ్మం తొక్కను" అన్నాడట.

అదీ అక్క పరిస్థితి. నోరు మూసుకుంటే కొడుకు దక్కుతాడు. ఆ కొడుకు కూడా మామూలు కొడుకు కాదు, పొద్దున్నే లేచే కొడుకు. నోరు తెరిస్తే వాడు పోతాడు. నేనైతే మూసుకునేవాణ్ణి.

నామినేషన్ ముందు స్కూలు గ్రౌండులో సాయంత్రం సభ పెట్టారు. జనం బాగానే వచ్చారు. నేను కుట్టిన బ్యానరు స్టేజీ వెనకాల కట్టారు, కుట్టు వంకరపోలేదు. మేనల్లుడు నేను కుట్టిన తెల్ల చొక్కాలో మెరిసిపోతున్నాడు. లెక్చరరు గారు తన ప్రసంగం ముగించి, "ఇప్పుడు ఆ వీరమాత రెండు మాటలు మాట్లాడతారు" అని మైకు అక్కకిచ్చాడు.

అక్కకి మైకు అలవాటు లేదు. దాన్ని మరీ నోటి దగ్గర పెట్టుకుంది. ఊపిరి కూడా వినిపించింది.

"మావాడు మంచివాడు" అంది. చప్పట్లు. "తాగడు. దొంగతనం చెయ్యడు. అబద్ధాలు కూడా తక్కువే." నవ్వులు. "కానీ వాడికి ఈ పని రాదు."

నవ్వులు ఆగలేదు, ఇదీ జోకే అనుకున్నారు.

"నిజంగా రాదు. మీరు వాణ్ణి ఎందుకు నిలబెడుతున్నారు? మా ఆయనకి పుట్టాడని. అది కూడా వాడు చేసిన పని కాదు, నేను పడ్డ నొప్పి. నర్సమ్మ ఉద్యోగం పోగొట్టుకుంది, మా ఆయనతో సమానంగా ఎండలో కూర్చుంది. ఆవిణ్ణి ఎవరూ ఎందుకు అడగలేదు? ఆవిడకి చచ్చిపోయిన మొగుడు లేడనా? మనం ఇంకో చిన్న చైర్మన్‌ని తయారుచేస్తున్నాం. మీరు ముద్దు చేస్తున్నారు, వాడు మురుస్తున్నాడు, నేను కూడా మురిశాను. ఇంక నావల్ల కాదు. నర్సమ్మని నిలబెట్టండి."

లెక్చరరు గారు మైకు కోసం చెయ్యి చాచాడు. అక్క ఇవ్వలేదు. నేను మేనల్లుడి మొహం చూడలేక బ్యానరు వైపు చూశాను. అక్కడా వాడి మొహమే ఉంది.

నర్సమ్మ స్టేజీ ఎక్కింది. అక్కని కావలించుకుంటుందనుకున్నాం. మండిపడింది.

"నువ్వెవరు నన్ను నిలబెట్టడానికి? మీ ఇంట్లో వస్తువు మీవాడికి వద్దని నాకు దానమిస్తున్నావా? మేస్త్రి గారు దీన్ని నీకేమన్నా రాసిచ్చి పోయాడా? నీ కొడుక్కి ఇవ్వడానికి వాళ్లకి హక్కు లేదు, నాకివ్వడానికి నీకూ లేదు." జనం వైపు తిరిగింది. "నాకు నిలబడాలనే ఉంది. అడగడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాను, అది నా బుద్ధితక్కువ. ఇప్పుడు అడుగుతున్నాను. ఇద్దరం ఉన్నాం. చేతులెత్తండి."

అక్క తెల్లబోయింది. తర్వాత, "నిజమేనే" అంది, మైకులోనే.

చేతులెత్తారు. లెక్చరరు గారు రెండుసార్లు లెక్కపెట్టాల్సొచ్చింది, ఎందుకంటే మూలింటి మామ్మ ఇద్దరికీ ఎత్తింది. "ఇద్దరూ మనవాళ్లేగా!" అని ఎదురు దబాయింపు. చివరికి నర్సమ్మకి కొంచెం ఎక్కువొచ్చాయి. నేను మేనల్లుడికే ఎత్తాను. వాడు తనకి తాను కూడా ఎత్తుకోలేదు. అమ్మ వైపు ఒక్కసారి చూసి స్టేజీ దిగి వెళ్లిపోయాడు. చీకటి పడేలోపు బ్యాగు తగిలించుకుని మా ఇంటికొచ్చాడు. "మామయ్యా, కొన్నాళ్లు ఇక్కడుంటాను" అన్నాడు.

నర్సమ్మ ఓడిపోయింది. చిత్తుగా ఏం కాదు, అలాగని చెప్పుకునేలానూ కాదు. చిన్న చైర్మన్ నిజంగానే చైర్మన్ అయ్యాడు. "కుర్రాణ్ణి ఉంచితే సానుభూతితో గెలిచేవాళ్లం, కన్నతల్లే వాడి నోటి దగ్గర కూడు లాగేసింది" అని ఊరు ఊరంతా అక్కని ఆడిపోసుకుంది. వీధి కొళాయి దగ్గర ఆవిడ బిందె ఎవరూ ముట్టుకోవడం మానేశారు. పలకరించడం కూడా మానేశారు. నర్సమ్మ మాత్రం ఓడిన మర్నాడే మళ్లీ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. అక్క వెళ్లి పక్కన కూర్చుంది.

నాకూ కోపం తగ్గలేదు. కానీ మేనల్లుణ్ణి చూస్తే దిగులేసేది. మళ్లీ పొద్దెక్కి లేవడం. కొట్లో ఊరికే కూర్చుంటున్నాడని గుండీలు కుట్టడం నేర్పాను. అక్కడా అతిథే, నాలుగు కుట్టేసరికి సాయంత్రమయ్యేది. అక్క రోజూ ఆఫీసు మెట్ల దగ్గర్నుంచి రోడ్డు దాటి వచ్చి, కొట్టు ముందు నిలబడి వాణ్ణి చూసేది. వాడు మొహం తిప్పుకునేవాడు. ఆవిడ కాసేపు నిలబడి వెళ్లిపోయేది. మనిషి సగమైంది. తల్లీకొడుకుల మధ్య మాట లేకపోతే మధ్యలోవాళ్లకి ఎంత నరకమో అప్పుడు తెలిసింది.

ఒకరోజు చిన్న చైర్మన్ కొత్త సూటు కొలతలకి వచ్చాడు. కారు బయట ఆగింది. లోపల నేను ఆయన ఛాతీ చుట్టూ టేపు వేస్తున్నాను, మేనల్లుడు మూల స్టూలు మీద గుండీలు కుడుతున్నాడు. సరిగ్గా అప్పుడే అక్క వచ్చి మెట్ల మీద నిలబడింది.

చిన్న చైర్మన్ గుర్తుపట్టాడు. మొహం వెలిగిపోయింది. మర్యాదకి వాళ్లింట్లో లోటు లేదు.

"రండి అత్తయ్యా, రండి! మీకు థాంక్స్ చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఆ రోజు మీరెంత ధైర్యంగా నిజం చెప్పారు! మా ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. మీరు చేసిన సాయం నేను మర్చిపోను."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. కొడుకు గుమ్మం తొక్కనన్నప్పుడు కూడా అలా అయ్యుండదు.

ఆయన మేనల్లుడి వైపు తిరిగాడు. "ఇక్కడ గుండీలు కుట్టుకోవడమేంటయ్యా? మా ట్యాంకర్ల మీద సూపర్‌వైజరు కావాలి. రేపట్నుంచి వచ్చెయ్. ఎంతైనా మేస్త్రి గారి అబ్బాయివి."

కొట్లో మిషన్లు ఆగి ఉన్నాయి. నా చేతిలో టేపు అలాగే ఉంది. ఇంకోసారి వాడి తరఫున మాట్లాడే ధైర్యం లేదు అక్కకి. వాడి కళ్లలోకి మాత్రం చూస్తోంది. వాడు వెళ్తాననే అనుకున్నాను. వెళ్లకపోవడానికి వాడికి మేమేం మిగిల్చాం?

మేనల్లుడు సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టాడు.

"మీ అమ్మగారు బాగున్నారా?" అన్నాడు.

"బాగున్నారు. ఏం?"

"ఆవిడ మిమ్మల్ని ఎప్పుడైనా అడిగారా, ఈ పని నీకు వచ్చా అని?"

చిన్న చైర్మన్ నవ్వాడు. "మా అమ్మ ఎందుకడుగుతుంది?"

"మా అమ్మ అడిగింది" అన్నాడు వాడు. "ఊరందరి ముందూ అడిగింది. నాకు రాదండి. మేస్త్రి గారి అబ్బాయిని కావడం తప్ప నాకింకేం రాదు. ఆ ఉద్యోగం మీ దగ్గర కూడా చెయ్యలేను."

లేచి, అక్క ముందుకి వెళ్లి నిలబడ్డాడు. "పదవే, ఇంటికి పోదాం. ఆకలేస్తోంది" అన్నాడు.

ఎన్నికల్లో ఓడిపోయిన రోజు కూడా ఏడవని మా అక్క, నా కొట్టు మెట్ల మీద కూలబడి, చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. వాడు పక్కనే కూర్చుని, "ఏడవకే, అందరూ చూస్తున్నారు" అన్నాడు. "చూడనీరా" అంది.

నేను కొలతలు పూర్తిచేశాను. చిన్న చైర్మన్ వెళ్లబోయాడు. ఉన్న రెండు మెట్ల మీదా తల్లీకొడుకులు అడ్డంగా కూర్చున్నారు, దిగడానికి దారి లేదు. డ్రైవరు కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన నా వైపు చూశాడు, వాళ్లని లేవమంటానేమోనని. నేను టేపు చుట్టుకుంటూ కూర్చున్నాను.